బడిలో కొడితే బోనెక్కించాలా?

2022 మే నెల. టెక్సస్‌లో డాలస్ పక్కనున్న కాపెల్ అనే ఊరు. మిడిల్ స్కూల్ భోజనాల గదిలో భారత సంతతి కుర్రాడొకడు బల్ల దగ్గర కూర్చున్నాడు. ఇంకో విద్యార్థి వచ్చి లేవమన్నాడు. లేవనన్నాడు. వచ్చినవాడు మెడ చుట్టూ చేయి బిగించి సీట్లోంచి కిందికి లాగేశాడు. పక్కనున్న పిల్లల్లో ఎవరో ఫోన్లో తీశారు. ఆ వీడియో చూస్తుండగానే అమెరికాలోని భారతీయ కుటుంబాల ఫోన్లన్నీ చుట్టేసింది. దెబ్బ కంటే ఎక్కువ మండించింది ఆ తర్వాత తేలిన లెక్క. కుటుంబం చెప్పిన ప్రకారం మెడ పట్టినవాడికి ఒకరోజు ఇన్‌స్కూల్ సస్పెన్షన్, మెడ దొరికినవాడికి మూడు రోజులు.

నిరసన పిటిషన్ మీద లక్షకు పైగా సంతకాలు పడ్డాయి. ఇదే పని నడివీధిలో పెద్దవాడెవడైనా చేస్తే సంకెళ్లు పడతాయి కదా, బడి గోడల మధ్య జరిగితే ‘పిల్లలు కదా’ అని ఎందుకు సరిపెడతారన్నది ఆ కోపం వెనకున్న ప్రశ్న.

ఆ ప్రశ్నకు జార్జియా రాష్ట్రంలోని అల్ఫారెట్టా చెప్పే జవాబు మనవాళ్లు తెలుసుకోవలసిందే. అట్లాంటాకు ఉత్తరాన, జీఏ-400 రహదారి వెంట ఉన్న ఊరిది. 2020 జనాభా లెక్కల్లో 65 వేల పైచిలుకు మంది ఉన్నారు. అందులో అయిదో వంతుకు అటూ ఇటూగా ఆసియా మూలాలవాళ్లే. తెలుగు కుటుంబాలకైతే కొదవే లేదు. ఇల్లు కొనేటప్పుడు వంటగదికంటే ముందు స్కూలు రేటింగు చూసే జనం. ఊరు ఫుల్టన్ కౌంటీలోది. కానీ ఉత్తరాన ఫోర్సైత్ కౌంటీలోనూ చాలా ఇళ్ల చిరునామా అల్ఫారెట్టాయే. అంటే ఒకే ఊరి పేరు చెప్పుకునే ఇద్దరు పిల్లలు వేర్వేరు స్కూలు బోర్డుల కింద, వేర్వేరు పోలీసుల కాపలాలో చదువుతుంటారు. ఫుల్టన్ బడులకు సొంత పోలీసు విభాగమే ఉంది.

రేటింగు పదికి పది ఉన్నంత మాత్రాన ఏడిపించేవాళ్లు ఉండరని కాదు. 12 నుంచి 18 ఏళ్ల అమెరికన్ విద్యార్థుల్లో 2021–22లో దాదాపు 19 శాతం మంది బుల్లీయింగ్‌కు గురయ్యామని ప్రభుత్వ సర్వేలో చెప్పారు. అంతకు పదేళ్ల ముందు అది 28 శాతం. తగ్గిన మాట నిజమే. దెబ్బలు తింటున్న పిల్లాడికి మాత్రం ఈ శాతాలతో పని లేదు.

చట్టంలో ఏముంది?

జార్జియాలో ‘బుల్లీయింగ్’ పేరుతో నేరమేదీ లేదు. బుల్లీయింగ్ మీద మొట్టమొదట, 1999లోనే, చట్టం చేసిన రాష్ట్రం మాత్రం అదే. ఆ చట్టం విద్యాశాఖ నిబంధనల్లో ఉంది, శిక్షాస్మృతిలో కాదు. కొడితే ‘బ్యాటరీ’ కింద, చంపుతానని బెదిరిస్తే ‘టెర్రరిస్టిక్ థ్రెట్’ కింద కేసు పెట్టడానికి మామూలు క్రిమినల్ చట్టం ఎలాగూ ఉంది. అది బడి గేటు దగ్గర ఆగిపోదు. అందుకని ‘నేరంగా పరిగణించాలా’ అన్న వాదనలో సగం ముందే తేలిపోయింది. తేలనిది మిగతా సగం. వెక్కిరింతలు, వెలివేతలు, గ్రూప్ చాట్‌లో వెకిలి బొమ్మలు, లంచ్ డబ్బా తెరవగానే ముక్కు మూసుకోవడాలు. వీటికి ఏ సెక్షను?

2009 ఏప్రిల్‌లో అట్లాంటా తూర్పున డికాల్బ్ కౌంటీలో అయిదో తరగతి చదివే 11 ఏళ్ల బాలుడు ఇంట్లో ఉరేసుకున్నాడు. బడిలో రోజూ ఏడిపించేవారని కుటుంబం అంది. స్కూలు జిల్లా తరఫున విచారణ చేసిన మాజీ న్యాయమూర్తి, బుల్లీయింగ్‌కు ఆధారాలు లేవని తేల్చారు. తల్లి ఒప్పుకోలేదు. మరుసటి ఏడాదే శాసనసభ చట్టాన్ని బిగించింది. ప్రతి బడికీ విచారణ పద్ధతి ఉండాలి. ఏడిపించిన పిల్లల తల్లిదండ్రులకూ, బాధితుల తల్లిదండ్రులకూ కబురు చేయాలి. ఆరు నుంచి పన్నెండో తరగతి విద్యార్థి ఒకే విద్యాసంవత్సరంలో మూడోసారి బుల్లీయింగ్ చేశాడని రుజువైతే, క్రమశిక్షణ తప్పినవాళ్లకు వేరుగా నడిపే ఆల్టర్నేటివ్ స్కూలుకు పంపాలి.

చట్టం గట్టిదే. మెలికంతా ఆ ‘మూడోసారి’లో ఉంది. మొదటి ఘటనను ‘ఆటలో తోపులాట’ అని, రెండోదాన్ని ‘ఇద్దరి మధ్య గొడవ’ అని రాసుకుంటే, మూడోది జరిగేసరికి లెక్క ఇంకా సున్నా దగ్గరే ఉంటుంది. దీనికి మనవాళ్ల అలవాటొకటి తోడవుతుంది. కౌన్సెలర్‌కు ఫోన్ చేసి మర్యాదగా చెప్పుకుని, ‘థాంక్యూ’ అని పెట్టేస్తారు. కాగితం మీద ఒక్క ముక్క మిగలదు. ‘ఎందుకొచ్చిన గొడవ నాన్నా, నువ్వు వాడి జోలికి పోకు’ అని పిల్లాడికి నచ్చజెప్పడం సరేసరి. నెలల తరబడి అలా ఓర్చుకుని, ఒకరోజు ఒక్కసారిగా ‘పోలీసు కేసు పెట్టాల్సిందే’ దగ్గరికొస్తారు. మధ్యలో చేయాల్సిన పనులు నాలుగైదు ఉన్నాయి. వాటిని ఎవరూ పట్టించుకోరు.

పదిహేడు నిండిన రోజు

సరే, కేసు పెట్టారనుకుందాం. ఏమవుతుంది? జార్జియాలో 13 ఏళ్లలోపు పిల్లలను నేరస్థులుగా నిర్ధారించడానికి వీల్లేదు. 16 ఏళ్ల దాకా సాధారణంగా జువెనైల్ కోర్టు చూస్తుంది. మరీ ఘోరమైన నేరాలకు మాత్రం 13 ఏళ్లకే పెద్దల కోర్టు తలుపు తెరుచుకుంటుంది. ఇక ఘటన జరిగిన రోజుకు పదిహేడు నిండి ఉంటే, అది చిన్న చెంపదెబ్బ అయినా సరే, నేరుగా పెద్దల కోర్టే. దేశంలో చాలా రాష్ట్రాలు ఆ గీతను 18కి జరిపాయి. జార్జియా, టెక్సస్ సహా కొద్ది రాష్ట్రాలు 17 దగ్గరే ఆగాయి. ఓటు లేదు, సిగరెట్ కొనడానికి లేదు, వేలిముద్రలు మాత్రం పెద్దవాళ్లతో పాటే.

తెలుగు ఇళ్లలో దీనికి ఇంకో మడత ఉంది. తండ్రిదో తల్లిదో హెచ్-1బీ వీసా, పిల్లలది దాని మీద ఆధారపడిన హెచ్-4. జువెనైల్ కోర్టు తీర్పును ఇమిగ్రేషన్ చట్టం నేరనిర్ధారణగా లెక్కించదు. పెద్దల కోర్టు తీర్పును లెక్కిస్తుంది. పైగా జార్జియాలో మామూలు మిస్‌డిమీనర్‌కు, అంటే చిన్న నేరానికి, గరిష్ఠ శిక్ష 12 నెలలు. జైలుకు పంపకుండా ఆ 12 నెలలూ సస్పెండ్ చేసినా, ఇమిగ్రేషన్ లెక్కలో అది ఏడాది శిక్షే. ఇదేమీ ఊహ కాదు. జర్మనీలో పుట్టి, పసిబిడ్డగా జార్జియాకు దత్తత వచ్చిన ఒక మహిళ, 1988లో ఇంకో మహిళ జుట్టు పట్టుకు లాగినందుకు నేరం ఒప్పుకొన్నారు. ఏడాది శిక్ష, అదీ సస్పెండైంది. 1996లో ఇమిగ్రేషన్ చట్టం మారి, అలాంటి ఏడాది శిక్ష కూడా దేశం నుంచి పంపేయడానికి కారణమైంది. ఆమె పౌరసత్వానికి దరఖాస్తు పెట్టుకుంటే చేతికి దేశబహిష్కరణ నోటీసు వచ్చింది. చివరికి 2000లో రాష్ట్ర క్షమాభిక్ష బోర్డు క్షమిస్తే గానీ గండం గడవలేదు.

‘వాణ్ణి జైల్లో పెట్టించాలి’ అని ఆవేశపడే తండ్రి ఆలోచనలో వాడు ఎప్పుడూ పక్కింటి పిల్లాడే. తన కొడుకో కూతురో ఆ స్థానంలో ఉండొచ్చన్న ఊహ ఇంత చదువుకున్న ఊళ్లోనూ తక్కువే. అమెరికాలో పుట్టిన మన పిల్లలు, నిన్నగాక మొన్న హైదరాబాదు నుంచో విజయవాడ నుంచో వచ్చి చేరినవాణ్ణి ‘ఫాబ్’ (ఫ్రెష్ ఆఫ్ ద బోట్) అంటారు. వాడి యాసను, బూట్లను, నూనె రాసిన తలను వెక్కిరిస్తారు. స్నాప్‌చాట్ గ్రూపులోంచి తోసేస్తారు. వారాంతంలో ఆ రెండు కుటుంబాలూ ఒకే పుట్టినరోజు పార్టీలో బిర్యానీ తింటుంటాయి. ఇందులో ఎవరి మీద కేసు పెట్టాలి?

రివర్‌డేల్ దారిలో ఒక కోర్టు

అల్ఫారెట్టా తెలుగువాళ్లు వేంకటేశ్వరస్వామి దర్శనానికి అట్లాంటా దాటి, విమానాశ్రయం దాటి రివర్‌డేల్ గుడికి వెళ్తారు. గుడి ఉన్న కౌంటీ పేరు క్లేటన్. బడిలో పోలీసు కేసులు పెడితే ఏమవుతుందో దేశానికి చూపించిన కౌంటీ అదే.

1990ల మధ్యలో క్లేటన్ బడుల్లో పోలీసులను పెట్టారు. అంతకుముందు బడి నుంచి జువెనైల్ కోర్టుకు వచ్చే కేసులు ఏడాదికి 50 కూడా ఉండేవి కావు. 2004 నాటికి అవి వెయ్యి దాటాయి. పిల్లలు అంతలో అంత చెడిపోయారా? లేదు. కేసుల్లో అత్యధిక భాగం తోపులాటలు, ఎదురు మాటలు, క్లాసులో అల్లరి. ఒకప్పుడు ప్రిన్సిపాల్ గదిలో తేలిపోయేవి కోర్టు మెట్లెక్కాయి. జువెనైల్ కోర్టు న్యాయమూర్తి స్టీవెన్ టెస్కే 2004లో బడులనూ పోలీసులనూ ఒకచోట కూర్చోబెట్టి ఒప్పందం రాయించారు. చిన్న గొడవల్లో మొదటిసారికి హెచ్చరిక, రెండోసారి తగవులు తీర్చుకోవడం నేర్పే తరగతి, మూడోసారికే కోర్టు. మనల్ని భయపెట్టే పిల్లలు వేరు, మనకు కోపం తెప్పించే పిల్లలు వేరు అన్నది ఆయన వాదన.

కోర్టుకొచ్చే కేసులు సగానికి పైగా తగ్గాయి. అంతకంటే ఆసక్తికరమైనది ఇంకొకటి జరిగింది. బడుల్లో ఆయుధాలు దొరకడం కూడా తగ్గింది. చీటికీ మాటికీ చేతులకు బేడీలు వేసే పోలీసుతో ఏ పిల్లాడూ మాట్లాడడు. బేడీలు వేయడం మానేశాక, ఎవరి సంచిలో ఏముందో వాళ్లే వచ్చి చెప్పారు. 2012లో టెస్కే ఈ అనుభవాన్ని వాషింగ్టన్‌లో సెనెట్ ఉపసంఘం ముందు వివరించారు.

మరి నిజంగా భయపెట్టే పిల్లల సంగతి? 2024 సెప్టెంబరు 4న జార్జియాలోనే విండర్ పట్టణంలోని అపాలచీ హైస్కూల్లో 14 ఏళ్ల విద్యార్థి జరిపాడంటున్న కాల్పుల్లో ఇద్దరు విద్యార్థులు, ఇద్దరు టీచర్లు చనిపోయారు. అతని మీద పెద్దల కోర్టులోనే అభియోగాలు మోపారు, తండ్రినీ నిందితుణ్ణి చేశారు. అలాంటిచోట క్లేటన్ పద్ధతిని అడ్డుపెట్టేవాళ్లు ఎవరూ లేరు. కాపెల్ వీడియోలో కనిపించినట్టు మెడ నొక్కే చేతులను ‘తోపులాట’ ఖాతాలో వేయడమూ తగదు. ఊపిరి ఆగే పని అది.

శిక్ష రాసిపెట్టిన చోట్ల

బుల్లీయింగ్‌ను పేరుపెట్టి నేరం చేసిన దేశం ఫ్రాన్స్. 2022 మార్చి నాటి చట్టం ప్రకారం మూడేళ్ల దాకా జైలు, 45 వేల యూరోల జరిమానా. బాధితులు ఆత్మహత్య చేసుకున్నా, ప్రయత్నించినా పదేళ్లు, లక్షా యాభై వేల యూరోలు. మైనర్లకు జైలు ఇందులో సగమే, 13 ఏళ్లలోపు వారికి అదీ లేదు. జపాన్ వేరే దారి పట్టింది. 2011లో ఓత్సు నగరంలో ఒక విద్యార్థి ఆత్మహత్య తర్వాత 2013లో చట్టం చేసి, తీవ్రమైన ఘటన జరిగితే విచారించి తీరాలన్న బాధ్యతను బడి మీద పెట్టింది. పిల్లల మీద కొత్త నేరమేదీ రాయలేదు.

అమెరికాలో ఈ చర్చకు పెద్ద పరీక్ష మసాచుసెట్స్‌లోని సౌత్ హ్యాడ్లీలో జరిగింది. ఐర్లండ్ నుంచి వచ్చిన 15 ఏళ్ల అమ్మాయి 2010 జనవరిలో ప్రాణం తీసుకుంది. ఆరుగురు టీనేజర్ల మీద క్రిమినల్ కేసులు పెట్టారు. ప్రపంచమంతా చూసింది. ఏడాదిన్నర తిరిగేసరికి మిగిలింది ప్రొబేషన్, సమాజసేవ గంటలు. జైలుకు ఎవరూ వెళ్లలేదు. బడి పెద్దల తీరు బాధాకరమే కానీ నేరం కాదని ప్రాసిక్యూటరే అన్నారు.

మన దగ్గర? 1997లోనే ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ర్యాగింగ్ నిషేధ చట్టం తెచ్చింది. ఎగతాళి చేసి అవమానిస్తే ఆరు నెలలు, చేయి చేసుకుంటే ఏడాది, నిర్బంధిస్తే రెండేళ్లు, తీవ్రంగా గాయపరిస్తే అయిదేళ్లు, ప్రాణం పోతే యావజ్జీవం దాకా. కాగితం మీద అంతకంటే కఠినమైన నిచ్చెన దొరకడం కష్టం. 2015 జులైలో నాగార్జున విశ్వవిద్యాలయం హాస్టల్లో ఆర్కిటెక్చర్ విద్యార్థిని డైరీ రాసిపెట్టి చనిపోయింది. రాష్ట్రం అట్టుడికింది. తొమ్మిదేళ్ల తర్వాత, 2024 నవంబరులో గుంటూరు కోర్టు నిందితులపై కేసు కొట్టేసింది. ఆ మధ్యలోనే, 2023 ఫిబ్రవరిలో, వరంగల్ కాకతీయ మెడికల్ కాలేజీ పీజీ విద్యార్థిని ప్రాణం పోయింది. 1997 చట్టం అప్పటికీ అమల్లోనే ఉంది.

పిల్లల్ని ఆపేది శిక్ష ఎంత పెద్దదన్నది కాదు, ఎంత త్వరగా, ఎంత ఖాయంగా పడుతుందన్నది. తొమ్మిదేళ్లకు తేలే యావజ్జీవం కంటే రేపు ఉదయం తొమ్మిదింటికి తల్లిదండ్రులతో ప్రిన్సిపాల్ ముందు కూర్చోవడమే పద్నాలుగేళ్లవాడికి ఎక్కువ భయం. అది జరగాలంటే మొదటి రోజే ఫిర్యాదు ఈమెయిల్‌గా వెళ్లాలి. ఎక్కడ, ఎప్పుడు, ఎవరు చూశారు అన్నవి అందులో ఉండాలి. ఘటనను ఏ పేరుతో నమోదు చేశారో, రెండోవైపు తల్లిదండ్రులకు కబురు వెళ్లిందో లేదో లిఖితపూర్వకంగా అడగాలి. గాయమైతే డాక్టరు కాగితం, బెదిరింపైతే స్క్రీన్‌షాట్ దాచాలి. ఎముక విరిగితే, ఊపిరి ఆగితే, ఆయుధం కనిపిస్తే అదే రోజు పోలీసు. అక్కడ మొహమాటం పనికిరాదు.

పెద్దల కోర్టు గీతను 17 నుంచి 18కి జరపడానికి తెచ్చిన బిల్లును జార్జియా ప్రతినిధుల సభ 2023లో ఆమోదించింది. సెనెట్‌లో అది ముందుకు కదల్లేదు. ఆగస్టులో అల్ఫారెట్టా హైస్కూళ్లు తెరుచుకునేసరికి సీనియర్లలో ఎక్కువమందికి పదిహేడు నిండిపోయే ఉంటుంది. కారు తాళాలు చేతికిచ్చేటప్పుడు ఇన్సూరెన్స్ గురించి గంటసేపు చెప్పే తల్లిదండ్రుల్లో, ఈ పుట్టినరోజుతో కోర్టు మారిపోతుందని చెప్పేవాళ్లు చాలా తక్కువ.