విశ్వవిద్యాలయ ఆరోగ్య బీమా: వద్దనుకునే ముందు

ఉన్నత చదువుల కోసం అమెరికా వెళ్లే మన పిల్లలకు తరగతులు మొదలయ్యే వేళకే విశ్వవిద్యాలయం నుంచి మొదటి బిల్లు అందుతుంది. అందులో బోధనా రుసుము ఉంటుంది, గ్రంథాలయ, ప్రయోగశాల రుసుములు ఉంటాయి. వాటి సరసనే ఎవరూ అడగకుండా చేరిన మరో పద్దు కనిపిస్తుంది. అది విద్యార్థి ఆరోగ్య బీమా. చాలాచోట్ల దీని మొత్తం ఏడాదికి రెండు వేల నుంచి ఐదు వేల డాలర్ల దాకా ఉంటుంది. హైదరాబాదులోనో, గుంటూరులోనో, కడపలోనో ఇల్లు కుదువపెట్టి, నగలు అమ్మి బిడ్డను పంపిన తండ్రికి ఇది లక్షల రూపాయల మాట. తెలంగాణ ప్రభుత్వం మైనారిటీ విద్యార్థులకిచ్చే విదేశీ విద్యా సాయం 20 లక్షల రూపాయలు చేతికందినా, రెండేళ్ల చదువుకు అది ఏ మూలకూ చాలదు. ఆ వారంలోనే ఫోను వస్తుంది: “అబ్బా, ఇక్కడ సీనియర్లు ఈ ఇన్సూరెన్స్ తీసేయించుకోవచ్చంటున్నారు. మీరేమంటారు?”

తండ్రి ఏమనాలి? ఈ ప్రశ్నలో డబ్బు ఉంది, ధర్మం ఉంది, బిడ్డ ప్రాణం ఉంది. మూడింటినీ కలిపి చూడకుండా జవాబు చెప్పడం తగదు.

ముందుగా పద్ధతి తెలుసుకోవాలి. వీసా నిబంధనలకూ, విశ్వవిద్యాలయ నిబంధనలకూ తేడా ఉంది. మన విద్యార్థుల్లో అత్యధికులు వెళ్లే ఎఫ్-1 వీసాకు ఆరోగ్య బీమా ఉండితీరాలన్న షరతు ఆ దేశపు కేంద్ర చట్టంలో లేదు. పరస్పర మార్పిడి కార్యక్రమాల కింద జె-1 వీసాపై వెళ్లేవారికి మాత్రం ఉంది. వారి బీమా ఒక్కో జబ్బుకు లేదా ప్రమాదానికి కనీసం లక్ష డాలర్లు, అత్యవసర తరలింపుకు 50,000 డాలర్లు, మరణిస్తే భౌతికకాయాన్ని స్వదేశం చేర్చడానికి 25,000 డాలర్లు భరించాలి. ఎఫ్-1 వారి విషయంలో నిర్బంధం విశ్వవిద్యాలయానిది, కొన్నిచోట్ల రాష్ట్రానిది. మసాచుసెట్స్ రాష్ట్రంలో 1989 నుంచే కళాశాల విద్యార్థులకు ఆరోగ్య బీమా చట్టరీత్యా తప్పనిసరి.

విశ్వవిద్యాలయ పథకం వద్దనుకునేవారు ‘వేవర్’ అనే మినహాయింపు కోరవచ్చు. అయితే ‘నాకు బీమా వద్దు’ అన్నంత మాత్రాన అది దొరకదు. ‘ఇంతకు సమానమైన బీమా నాకు వేరే ఉంది’ అని రుజువు చూపాలి. గడువు సాధారణంగా తరగతులు మొదలైన కొద్ది వారాల్లోనే ముగుస్తుంది. గడువు దాటితే పద్దు అలాగే ఉండిపోతుంది. ఈ ఏడాది పొందిన మినహాయింపు వచ్చే ఏడాదికి తనంతట తాను కొనసాగదు, మళ్లీ కోరాలి. కొన్ని విశ్వవిద్యాలయాలు విదేశీ విద్యార్థులకు ఈ వెసులుబాటే ఇవ్వవు. మనవాళ్లు ఇక్కడ విమానం టిక్కెట్టుతోపాటు కొనే ప్రయాణ బీమాను చాలా విశ్వవిద్యాలయాలు సమానంగా లెక్కించవు.

ఇక ధర్మం మాట. బీమా షరీఅత్ రీత్యా సమ్మతం కాదు గనుక దాని నుంచి తప్పుకోవడమే మేలని కొందరు పిల్లలు చిత్తశుద్ధితోనే భావిస్తున్నారు. ఆ భావనకు ఆధారం లేకపోలేదు. జిద్దాలోని అంతర్జాతీయ ఇస్లామీ ఫిఖ్ అకాడమీ 1985 డిసెంబరులో జరిగిన తన రెండవ సమావేశంలో, స్థిరమైన ప్రీమియంపై నడిచే వాణిజ్య బీమా ఒప్పందంలో తీవ్రమైన అనిశ్చితి (గరర్) ఉన్నందున అది చెల్లదని నిర్ణయించింది. డబ్బు కట్టినవాడికి ఏమి దక్కుతుందో, అసలు దక్కుతుందో లేదో ఒప్పంద సమయంలో తెలియదు. కంపెనీ ఆ సొమ్మును వడ్డీ వ్యాపారంలో పెడుతుంది. దీనికి బదులుగా అకాడమీ సహకార బీమాను సూచించింది. అందరూ విరాళ భావంతో ఒక నిధిలో జమచేస్తారు, ఆపద వచ్చినవాడికి ఆ నిధి నుంచి చెల్లిస్తారు, నిధి ఎవరి లాభానికీ సాధనం కాదు. తకాఫుల్ అనే పేరుతో ఈ పద్ధతి 1979లో సూడాన్‌లో కంపెనీ రూపం దాల్చింది. మలేషియా 1984లో దానికోసం ప్రత్యేక చట్టమే చేసింది.

దీని మూలాలు మనకు కొత్తవి కావు. అష్అరీ తెగవారు ఆహారం తరిగిపోయినప్పుడు తమ దగ్గరున్నదంతా ఒకే వస్త్రంలో పోసి సమానంగా పంచుకునేవారనీ, దైవప్రవక్త (స) వారిని తనవారిగా చెప్పుకున్నారనీ బుఖారీ, ముస్లిం హదీసు గ్రంథాలు తెలుపుతున్నాయి. పొరపాటున జరిగిన హత్యకు రక్తపరిహారాన్ని హంతకుని బంధువర్గమంతా కలిసి భరించే ‘ఆఖిలా’ పద్ధతినీ ధర్మవేత్తలు తకాఫుల్‌కు ఆధారంగా చూపుతారు.

ధర్మవేత్తలందరిదీ ఒకే మాట అనుకోవడం కూడా సరికాదు. సిరియాకు చెందిన సుప్రసిద్ధ ధర్మవేత్త ముస్తఫా అజ్జర్ఖా (1904–1999), బీమా ఒప్పందం వడ్డీకి తావివ్వనప్పుడు అది మూలతః ధర్మసమ్మతమేనని వాదించారు. ఆయనది అల్పసంఖ్యాక అభిప్రాయమే అయినా తేలికగా తోసివేయదగింది కాదు. నిషిద్ధమన్నవారిలోనూ ఎక్కువమంది, చట్టమో సంస్థో నిర్బంధించినచోట, లేదా అది లేకుండా వైద్యం అందని చోట అగత్యం (జరూరత్) దృష్ట్యా అనుమతి ఉందన్నారు. అలాంటప్పుడు తాను కట్టిన మొత్తానికి మించి పొందవచ్చునా అన్న విషయంలో భిన్నాభిప్రాయాలున్నాయి. స్థోమత వచ్చాక ఆ అదనపు భాగాన్ని దానం చేయాలన్నవారూ ఉన్నారు. ఈ సూక్ష్మాన్ని విద్యార్థి తాను నమ్మే ముఫ్తీని అడిగి తెలుసుకోవాలి.

ఇక్కడే ఒక ముఖ్య విషయం చాలామంది దృష్టిని దాటిపోతోంది. అమెరికాలో విశ్వవిద్యాలయ పథకం నుంచి ‘తప్పుకోవడం’ అంటే బీమా నుంచి తప్పుకోవడం కాదు. ఒక బీమా వదిలి మరొకటి కొనడం మాత్రమే. విద్యార్థి ఎంచుకోగల తకాఫుల్ ఆరోగ్య పథకం అక్కడ లేదు. కనుక హరామ్ భయంతో వేవర్ కోరి, ఆ తర్వాత మరో వాణిజ్య కంపెనీ నుంచి చవక పాలసీ కొనే యువకుడు ధర్మం విషయంలో అణువంతైనా ముందుకు కదలలేదు. అతడు మిగుల్చుకున్నది డబ్బు మాత్రమే. డబ్బు మిగుల్చుకోవడం తప్పు కాదు, కానీ దానికి తఖ్వా పేరు పెట్టడం మాత్రం తగదు.

ఇంకొక మాట. కొన్ని విశ్వవిద్యాలయాల్లో విద్యార్థి పథకం బయటి కంపెనీ లాభానికి నడవదు. విశ్వవిద్యాలయమే విద్యార్థుల చెల్లింపులను ఒక నిధిగా ఉంచి, అందులోంచి వైద్య ఖర్చులు భరిస్తుంది. న్యూయార్క్ రాష్ట్రంలోని కార్నెల్ విశ్వవిద్యాలయ పథకం ఈ తరహాదే. అది తకాఫుల్ కాదు, అయినా పాలసీ అమ్మే కంపెనీ కంటే సహకార నిధికే దగ్గరగా ఉందని నా అభిప్రాయం. అలాగే ప్రాంగణంలోని వైద్యశాల కోసం వసూలు చేసే ఆరోగ్య సేవల రుసుము వేరు, బీమా వేరు. వైద్యశాలతో నేరుగా సేవల ఒప్పందం చేసుకోవడాన్ని ఫిఖ్ అకాడమీ 2005 నాటి దుబాయి సమావేశంలో కొన్ని షరతులతో అనుమతించింది. ధర్మం పట్ల పట్టింపు ఉన్న విద్యార్థి ముందుగా అడగవలసిన ప్రశ్న ఇది: మా పథకం ఎవరి నిధితో నడుస్తోంది?

చవక పాలసీలో ఏముంటుంది?

మన ఆరోగ్యశ్రీకి అలవాటుపడ్డ కుటుంబాలకు అమెరికా పాలసీ పత్రం చదవడం కష్టమే. 2007లో ఆ పథకం మొదలైనప్పుడు ప్రీమియం ప్రభుత్వమే కట్టింది. రోగి కార్డు చూపితే చాలు. అక్కడ అలా కాదు. పాలసీ ఉండీ రోగి చేతినుంచి కట్టవలసినవి ఎన్నో ఉంటాయి. మొదట కొంత మొత్తం పూర్తిగా తానే భరించాలి, ఆ తర్వాతి బిల్లులో ఒక వంతు పంచుకోవాలి, కంపెనీ జాబితాలో లేని ఆసుపత్రికి వెళితే ఇంకా ఎక్కువ.

ఉదాహరణకు ఒక విద్యార్థి రోడ్డు దాటుతూ కారు ఢీకొని ఆసుపత్రిలో చేరాడనుకుందాం. బిల్లు 1,20,000 డాలర్లు అయింది. ఆ దేశంలో ఇది అసాధారణమైన మొత్తం కాదు. అతడు కొన్న చవక పాలసీ ఒక్కో ప్రమాదానికి 50,000 డాలర్ల వరకే చెల్లిస్తుంది. మిగిలిన 70,000 డాలర్లు అతడి నెత్తిన పడతాయి. 2010 నాటి ఆరోగ్య సంస్కరణల చట్టానికి లోబడి బీమా కంపెనీ ద్వారా నడిచే విద్యార్థి పథకానికి ఇలాంటి పరిమితి ఉండదు. జాబితాలోని ఆసుపత్రుల్లో తప్పనిసరి సేవలకు ఏడాది మొత్తంలో రోగి భరించవలసిన వాటాకే చట్టం హద్దు పెట్టింది. 2025లో ఒక వ్యక్తికి ఆ హద్దు 9,200 డాలర్లు. చాలా విశ్వవిద్యాలయాల్లో అంతకంటే తక్కువే ఉంటుంది.

పాత జబ్బుల సంగతి మరింత జాగ్రత్తగా చూడాలి. ఉబ్బసం, మధుమేహం, థైరాయిడ్ ఉన్న పిల్లలు మన ఇళ్లలో తక్కువేమీ కాదు. సంస్కరణల చట్టానికి లోబడిన పథకం పాత జబ్బు పేరుతో వైద్యాన్ని నిరాకరించలేదు. విదేశీ విద్యార్థుల కోసం ప్రత్యేకంగా అమ్మే చవక పాలసీలు చాలా వరకు ఆ చట్టం పరిధిలో లేవు, అవి నిరాకరించగలవు. మానసిక ఆరోగ్యానికి సంబంధించిన సేవలూ అంతే. ఒంటరితనంతో కుంగిపోయే పిల్లల వార్తలు వింటున్న ఈ రోజుల్లో దీన్ని చిన్న విషయంగా తీసుకోకూడదు.

భార్యను వెంట తీసుకువెళ్లేవారు మరో విషయం గుర్తుంచుకోవాలి. విద్యార్థి పథకం విద్యార్థికే. ఎఫ్-2 వీసాపై వెళ్లే భార్యను విడిగా చేర్చాలి, దానికి వేరే రుసుము. ఆ ఖర్చుకు జంకి ఆమెకు బీమా లేకుండా వదిలేసేవారున్నారు, గర్భధారణ ఖర్చులు భరించని పాలసీ కొనేవారున్నారు. పెళ్లయిన కొత్తలో పరాయి దేశం వెళ్లే జంటకు మొదటి ఏడాదిలోనే గర్భధారణ జరగడం సహజమైన విషయం. భార్య పోషణ భర్త బాధ్యత. ప్రసవ వైద్యం ఆ బాధ్యతకు వెలుపలిదని ఏ భర్తా అనుకోరాదు. తన పథకానికి వేవర్ కోరాలా వద్దా అని ఆలోచించే ముందు ఆమె సంగతి తేల్చుకోవాలి.

అత్యవసర విభాగం వైద్యాన్ని నిరాకరించదు కదా అని కొందరంటారు. నిజమే. 1986 నాటి చట్టం ప్రకారం డబ్బులేదన్న కారణంతో అత్యవసర రోగిని తిప్పి పంపరాదు, ప్రాణాపాయం తప్పించే వరకు చూడాలి. కానీ బిల్లు తప్పక వస్తుంది. చెల్లించలేనివారికి లాభాపేక్ష లేని ఆసుపత్రులు సహాయ విధానం కలిగి ఉండాలన్న నియమం ఉంది, దాన్ని అడిగి దరఖాస్తు చేసుకోవాలి. ఇది ఆపద వచ్చాక వెతుక్కునే దారి. ముందే దాన్ని నమ్ముకుని కూర్చోవడం తవక్కుల్ అనిపించుకోదు. ఒంటెను కట్టివేసి ఆపై అల్లాహ్‌ను నమ్ముకోమన్న ప్రవక్త (స) బోధన తెలియని ఇల్లు మనలో లేదు.

అన్నిటికంటే మనసును కలచివేసేది మరొకటుంది. వేవర్ కోసం మంచి పాలసీ ఒకటి కొని, కార్డు, పత్రం సమర్పించి, మినహాయింపు రాగానే ఆ పాలసీని రద్దు చేసుకునే ఉపాయం విద్యార్థుల మధ్య ప్రచారంలో ఉంది. ‘ఏడాది పొడవునా నాకు బీమా ఉంటుంది’ అని సంతకం చేసి, పది రోజుల్లో దాన్ని లేకుండా చేయడం అబద్ధపు సాక్ష్యమే. ఒప్పందాలను నెరవేర్చమని దివ్యఖుర్ఆన్ విశ్వాసులను ఆదేశించింది, అవతలి పక్షం ముస్లింలైతేనే అనలేదు. ఇలా మిగిలిన డబ్బుతో ఆ పిల్లవాడు ఆ ఏడాది బీమా లేకుండా తిరుగుతాడు. తల్లిదండ్రులకు ఆ సంగతి తెలియదు కూడా.

అయితే నిజంగా తప్పుకోదగినవారు లేరా? ఉన్నారు. అమెరికాలో స్థిరపడ్డ తెలుగు ముస్లిం కుటుంబాల పిల్లలు 26 ఏళ్లు నిండే వరకు తల్లిదండ్రుల ఉద్యోగ బీమాలో కొనసాగవచ్చు. అలాంటివారు మరోసారి కట్టడం దుబారా. అప్పుడైనా ఆ బీమా చదివే ఊళ్లో చెల్లుతుందో లేదో చూసుకోవాలి. భార్య లేదా భర్త ఉద్యోగ బీమాలో ఉన్నవారూ అంతే. పరిశోధనా సహాయకులుగా చేరినవారికి చాలాచోట్ల విశ్వవిద్యాలయమే ప్రీమియం కడుతుంది కాబట్టి వారికి ఈ చింతే లేదు. బయటి పాలసీ కొని తప్పుకోవాలనుకునేవారు మాత్రం దానికి మొత్తం పరిమితి ఎంత, పాత జబ్బులకు వర్తిస్తుందా, మానసిక వైద్యం, ప్రసవం ఉన్నాయా, ప్రాంగణం దగ్గరి ఆసుపత్రి జాబితాలో ఉందా అన్నవి రాతపూర్వకంగా అడిగి తీసుకోవాలి. వాట్సాప్‌లో ఏజెంటు పంపిన రంగుల చిత్రాన్ని జవాబుగా తీసుకోకూడదు.

సమాజంగా మనం చేయగలిగిందీ ఉంది. లాస్ ఏంజిలిస్‌లో ముస్లిం వైద్య విద్యార్థుల చొరవతో 1996లో మొదలైన ఉమ్మా కమ్యూనిటీ క్లినిక్, మతంతో నిమిత్తం లేకుండా పేదలకు వైద్యం అందిస్తూ వచ్చింది. ఇలాంటి క్లినిక్కులు జ్వరానికి, రక్తపోటుకు అక్కరకొస్తాయి, శస్త్రచికిత్సకు కాదు. ప్రమాదంలో ఒక తెలుగు విద్యార్థి మరణించిన ప్రతిసారీ మృతదేహాన్ని తెప్పించడానికి ఇంటర్నెట్‌లో చందాలు పోగుచేయడం చూస్తున్నాం. మరణించిన చోటే త్వరగా ఖననం చేయడం మన సంప్రదాయం. సమీపంలో ముస్లిం శ్మశానవాటిక ఉంటే కుటుంబం ముందుగానే ఆ దిశగా మనసు సిద్ధం చేసుకోవడం మంచిది. చందాలివ్వగల మనసున్నవారు ఆ డబ్బును అవసరంలో ఉన్న విద్యార్థి బీమా రుసుముకు ముందే ఇవ్వగలిగితే ఎంత బాగుండును! స్థానిక మస్జిద్ కమిటీలూ, ఇక్కడి జకాత్ నిధుల నిర్వాహకులూ తమ ధర్మవేత్తలను సంప్రదించి ఈ దిశగా ఆలోచించాలి.

చివరగా తేదీల సంగతి. విద్యార్థి పథకం చదువుతోపాటు, లేదా ఆ విద్యా సంవత్సరంతోపాటు ముగుస్తుంది. ఆ తర్వాత ఓపీటీ కింద ఉద్యోగం వెతుక్కునే కాలంలో ఉద్యోగం లేకుండా 90 రోజుల వరకు ఉండవచ్చు. ఆ రోజుల్లో యజమాని బీమా ఉండదు, విశ్వవిద్యాలయ బీమా ఉండదు. పట్టా చేతికందే నెలలోనే, పథకం ఏ తేదీన ముగుస్తుందో, ఆ తర్వాతి నెలలకు ఏ పాలసీ తీసుకుంటున్నాడో బిడ్డను అడిగి తెలుసుకోండి.