ఫోను వేగం: లాభనష్టాలు

వేగం అందరికీ ఇష్టమే. ఫోను మెల్లగా పనిచేస్తే విసుగు కలుగుతుంది. అందుకే కొందరు తయారీదారులు విధించిన హద్దును దాటి దాని వేగాన్ని పెంచాలని చూస్తారు. దీనినే ‘ఓవర్‌క్లాకింగ్’ అంటారు. కొత్తవారు ఈ పనికి పూనుకోవచ్చునా? లాభనష్టాలను తూచి చూద్దాం.

ఫోనుకు మెదడు వంటిది ప్రాసెసర్. అది తనలోని గడియారపు స్పందనలను అనుసరించి లెక్కలు చేస్తుంది. సెకనుకు నూరు కోట్ల స్పందనలు జరిగితే ఆ వేగాన్ని ఒక గిగాహెర్ట్‌జ్ అంటారు. స్పందనలు పెరిగితే పని త్వరగా సాగుతుంది. కాని ఆ వేగంలో లెక్క తప్పకుండా ఉండాలంటే సాధారణంగా వోల్టేజిని కూడా పెంచవలసి వస్తుంది. చిక్కంతా ఇక్కడే ఉంది. వేగాన్ని 20 శాతం, వోల్టేజిని 10 శాతం పెంచామనుకోండి. విద్యుత్తు ఖర్చు వోల్టేజి వర్గాన్ని అనుసరించి పెరుగుతుంది. కనుక 1.2 × 1.1 × 1.1 = 1.452. అంటే 20 శాతం వేగం కోసం సుమారు 45 శాతం విద్యుత్తు అదనంగా ఖర్చవుతుంది. అదంతా వేడిగా మారుతుంది.

వేడి వల్ల కలిగే నష్టానికి మన రాష్ట్రంలోనే ఒక ఉదాహరణ ఉంది. తుమకూరు జిల్లా పావగడ తాలూకాలోని తిరుమణి పరిసరాలలో 2018లో సౌర విద్యుత్ పార్కు ప్రారంభమైంది. దాని సామర్థ్యం 2,050 మెగావాట్లు. సౌరఫలకాలకు ఎండ కావాలి గాని వేడి పనికిరాదు. సిలికాన్ ఫలకం ఉష్ణోగ్రత 25 డిగ్రీల సెల్సియస్ దాటితే, ఒక్కొక్క డిగ్రీకి విద్యుదుత్పత్తి సుమారు 0.3 నుండి 0.4 శాతం తగ్గుతుంది. ఫోను ప్రాసెసర్ కూడా సిలికాన్‌తో చేసినదే. ఆరుబయట ఉన్న ఫలకానికి గాలైనా తగులుతుంది. సాధారణంగా ఫోనులో పంకా ఉండదు. అందువల్ల మరీ వేడెక్కినప్పుడు ఫోను తనంత తానే వేగాన్ని తగ్గించుకుంటుంది. పెంచిన వేగం అలా చేజారిపోతుంది. పైగా వేడికి లిథియం బ్యాటరీ త్వరగా క్షీణిస్తుంది. ఒక్కొక్కప్పుడు ఉబ్బి మంటలకు కూడా దారితీస్తుంది.

నష్టం ఇంతటితో ఆగదు. వేగం పెంచాలంటే ముందు ఫోను లోపలి రక్షణ తాళాన్ని తొలగించాలి. అలా చేస్తే సాధారణంగా అందులోని సమాచారమంతా చెరిగిపోతుంది. కంపెనీ ఇచ్చిన హామీ చెల్లకపోవచ్చు. బ్యాంకు యాప్‌లు పనిచేయకపోవచ్చు. ఒక అంకె తప్పుగా మార్చినా ఫోను తెరుచుకోకపోవచ్చు.

పల్లెలలో ఎన్నో కుటుంబాలకు ఒక్క స్మార్ట్‌ఫోనే ఆధారం. వేరుశనగ ధర తెలుసుకోవాలన్నా, డబ్బు పంపాలన్నా, పాఠం చూడాలన్నా అదే కావాలి. అటువంటి ఫోనుపై ప్రయోగం చేయడం ఇల్లు పీకి పందిరి వేయడమే. నేర్చుకోవాలనే కోరిక మంచిదే. వాడకం మానేసిన పాత ఫోనుపై, తెలిసినవారి పర్యవేక్షణలో నేర్చుకోండి. బ్యాటరీ ఉబ్బిన ఫోనును మాత్రం ముట్టవద్దు.

ఇంట్లో ఫోను మందగిస్తే అక్కరలేని యాప్‌లను, వీడియోలను తొలగించండి. ఒకసారి ఆపి తిరిగి తెరవండి. ఎండలో ఉంచకండి. ఛార్జింగు అవుతుండగా ఆటలు ఆడకండి. ఖర్చు లేని ఈ జాగ్రత్తలతోనే చాలాసార్లు ఫోను చురుకుగా పనిచేస్తుంది.