ఏసీ బిగిస్తున్నారా? ఆ ముల్లును నమ్మకండి!

కొత్త ఏసీ వచ్చింది. బిగించడానికి వచ్చిన టెక్నీషియన్ పంపు ఆన్ చేసి, ‘వాక్యూమ్ అయిపోయింది సార్, చూడండి’ అంటూ గేజ్ చూపిస్తాడు. ముల్లు మైనస్ 30 దగ్గర్లో ఉంటుంది. మనమూ తలూపేస్తాం. కానీ అసలు సంగతి ఆ ముల్లుకి కనిపించదు!

అసలు వాక్యూమ్ ఎందుకు?

రాగి పైపుల్లో గాలి మిగిలితే కూలింగ్ తగ్గుతుంది. తేమ మిగిలితే ఇంకా ప్రమాదం. అది ఆయిల్‌తో కలిసి యాసిడ్‌గా మారి, మెల్లగా కంప్రెసర్‌నే తినేస్తుంది. అందుకే పంపుతో గాలి లాగేస్తారు. ఒత్తిడి బాగా తగ్గితే నీళ్లు మామూలు వేడికే మరిగిపోతాయి. ఆ ఆవిరినీ పంపు లాగేస్తుంది.

ఎంత లాగాలి?

సముద్రమట్టం దగ్గర గాలి ఒత్తిడి 760 మిల్లీమీటర్ల ఎత్తు పాదరసానికి సమానం. అందులో మిల్లీమీటర్‌కి వెయ్యో వంతే ఒక మైక్రాన్. అంటే మొత్తం 7,60,000 మైక్రాన్లు. ఏసీ లైన్‌లో అది 500కి దిగాలి. ముల్లు గేజ్‌లో ఒక్క అంగుళమే 25,400 మైక్రాన్లు! ఇక 500కీ 5,000కీ తేడా ఎలా తెలుస్తుంది? దాని లోపల ఉండేది వంచిన సన్నని లోహపు గొట్టం. ఒత్తిడి మారితే వంపు మారుతుంది, ముల్లు కదులుతుంది. అంతే.

బల్బుల ఫ్యాక్టరీలో పుట్టిన ఐడియా

1906లో జర్మనీలో బల్బుల తయారీలో పనిచేస్తున్న మార్చెల్లో పిరానీ వేరే దారి పట్టాడు. వేడెక్కిన తీగను గాలి అణువులు తాకుతూ వేడిని మోసుకెళ్తాయి. అణువులు తగ్గితే తీగ చల్లారడమూ తగ్గుతుంది. ఆ తేడాని కరెంటుతో కొలిస్తే ఒత్తిడి తెలిసిపోతుంది. ఏసీ పనిలో వాడే డిజిటల్ మైక్రాన్ గేజ్‌లు చాలావరకు ఈ సూత్రం మీదే నడుస్తాయి. మందుల కంపెనీల ఫ్రీజ్ డ్రయర్లలోనూ పిరానీ గేజ్ ఉంటుంది.

ఇంకా లోతైన వాక్యూమ్‌లో ఇదీ చాలదు. అక్కడ అయాన్ గేజ్ ఎలక్ట్రాన్లతో అణువులను కొట్టి, పుట్టిన అయాన్ల కరెంటును కొలుస్తుంది. జెనీవా దగ్గర సెర్న్‌లోని 27 కిలోమీటర్ల కొలైడర్ గొట్టంలో ఒత్తిడి, మన గాలి ఒత్తిడిలో పది లక్షల కోట్లలో ఒక వంతు స్థాయిలో ఉంటుంది మరి!

మీరేం చేయాలి?

‘అన్నా, మైక్రాన్ గేజ్ ఉందా?’ అని అడగండి. 500 లోపు వచ్చాక వాల్వ్ మూసి, పంపు ఆపి పది నిమిషాలు చూడమనండి. అంకె కొంచెం పెరిగి ఆగితే తేమ ఉన్నట్టు, ఆగకుండా ఎక్కుతుంటే లీకు ఉన్నట్టు. గ్యాస్ వదిలే ముందే అడగాలి సుమా!