భూర్జం లోపలి లెక్క

పూజాసామగ్రి దుకాణంలో యంత్రం రాయించుకోవడానికి కొనే భూర్జపత్రం నిజానికి ఆకు కాదు, బెరడు. ఉల్లిపొర లాంటి ఆ పలుచటి పొర మీద సన్నటి అడ్డగీతలు కనిపిస్తాయి. చెట్టు ఊపిరి పీల్చుకున్న రంధ్రాలవి. విద్యాధర స్త్రీలు ప్రేమలేఖలు రాసుకునేది ఈ బెరడు మీదేనని కుమారసంభవంలో కాళిదాసు చెప్పాడు. ఆ చెట్టు ఏ చోట, ఎంత కష్టం మీద బతుకుతుందో తెలిస్తే ఆ పొరను పట్టుకోవడానికి చెయ్యి కాస్త వెనకాడుతుంది.

గంగోత్రి నుంచి గంగ పుట్టే గోముఖం దాకా 18 కిలోమీటర్ల కాలిబాట. సగం దూరంలో చీర్‌బాస, అంటే పైన్ చెట్ల నివాసం. ఇంకో ఐదు కిలోమీటర్లు నడిస్తే, దాదాపు 3,800 మీటర్ల ఎత్తున భోజ్‌బాస. భోజ్ అంటే భూర్జం. ఒకప్పుడు అది భూర్జవనం. ఇప్పుడు పేరు నిలిచింది, వనం చాలావరకు పోయింది.

హిమాలయంలో అడవి అంతమయ్యే చోట ఆఖరి వరుసలో నిలబడే చెట్టు భూర్జం. దాన్ని దాటితే పొదలు, గడ్డి, రాయి, మంచు. చలికాలమంతా వాలు మీది మంచు మెల్లగా కిందికి జారుతూ లేత కాండాన్ని నొక్కుతుంది. అందుకే చాలా భూర్జాలు మొదట్లో కొడవలిలా వంగి, తర్వాత ఆకాశం వైపు లేస్తాయి. ఆ లేవడంలోనే ఉంది అసలు వింత. వంగిన పైన్ చెట్టు పల్లం వైపు ప్రత్యేకమైన కొయ్యను పేర్చుకుని, దాని బలంతో తనను తాను పైకి నెడుతుంది. భూర్జం మిట్ట వైపు నారలాంటి కొయ్యను అల్లుకుని, తాడుతో లాగినట్టు తనను తాను పైకి లాక్కుంటుంది. ఇద్దరి కష్టమూ ఒకటే, ఉపాయాలు మాత్రం వేరు.

మంచు కరిగి ఆకు పుట్టినప్పటి నుంచి ఆకు రాలేదాకా ఈ చెట్టుకు దొరికేది ఏడాదిలో కొద్ది నెలలే. ఆ కొద్ది కాలంలో కాండం చుట్టూ ఒక సన్నటి వలయం కడుతుంది. అంత ఎత్తున దాన్ని అడ్డుకునేది చలి అనుకుంటాం. కానీ నేపాల్ హిమాలయాల్లో భూర్జం వలయాలను చదివిన పరిశోధకులకు కనిపించింది దాహం. వానలు రాకముందు వచ్చే వసంతంలో నేల ఎండిపోతే వలయం బక్కచిక్కిపోతుంది. మరీ కరువైన ఏడు కాండంలో కొన్నిచోట్ల వలయమే పడదు. చెట్టు ఆ ఏడు బతికింది, కానీ అక్కడ రాసుకోవడానికి ఏమీ మిగల్లేదు.

అలాంటి చెట్టు మొదట్లో మన బూట్లు నడుస్తాయి. ఒక అడుగుతో ఏమీ కాదు. వేల అడుగులు పడితే మట్టిలోని గాలి సందులు మూసుకుపోయి నేల గట్టిపడుతుంది. కరిగిన మంచునీరు లోపలికి ఇంకక పైపైనే జారిపోతుంది. చాలా చిన్నదైన భూర్జం విత్తు ఆ గట్టి నేలలో వేరు దించలేదు. మలుపు దగ్గర చుట్టూ తిరగడానికి ఓపిక లేక అడ్డంగా దిగినవాళ్ళ దారిలో మట్టి కొట్టుకుపోయి వేళ్ళు బయటపడతాయి. వెలుగు చూసిన వేరు తన తీరు మార్చుకుంటుంది. అప్పటిదాకా మెత్తగా, విశాలంగా కట్టిన కణాలను ఇక ఇరుకుగా, గట్టిగా కడుతుంది. ఆ మార్పు మొదలైన వలయం దగ్గర నుంచి లెక్కపెట్టి, మట్టి ఏ ఏడు పోయిందో కొండదారుల మీద శాస్త్రవేత్తలు చెప్పగలుగుతున్నారు.

పేర్లు చెక్కేవాళ్ళ సంగతీ చెప్పాలి. చెట్టు కొమ్మల కొసన పొడవు పెరుగుతుంది కాబట్టి, ఛాతీ ఎత్తున చెక్కిన పేరు యాభై ఏళ్ళయినా అదే ఎత్తున ఉంటుంది. మన చర్మంలా చెట్టు గాయం మానదు. పుండు చుట్టూ లోపల గోడ కట్టి, కొత్త వలయాలను అంచుల మీదుగా మడిచి కప్పుకుంటుంది. పైకి ఏమీ కనబడని రోజున కూడా ఆ పేరు కొయ్య లోపల అలాగే ఉంటుంది. ఇక బెరడును కాండం చుట్టూ లోపలి పొరదాకా ఒలిస్తే, ఆకులు వండిన తిండి వేళ్ళకు దిగే దారి తెగి చెట్టు చచ్చిపోతుంది.

భోజ్‌బాసను బోసి చేసింది అన్నిటికన్నా ఎక్కువగా పొయ్యి. యాత్రికుల టీకి, శిబిరాల వంటకి ఈ కొయ్యే కాలింది. ఎన్నో ఏళ్ళు పోగుచేసుకున్న వలయాలు ఒక పూట వంటకు బూడిదయ్యాయి. అది తలచుకుంటే నాకు గుండె బరువెక్కుతుంది. 1981లో నందాదేవి శిఖరమెక్కిన హర్షవంతీ బిష్త్, 1989లో ‘సేవ్ గంగోత్రి’ పని మొదలుపెట్టి ఆ బోసి నేలలో మళ్ళీ భూర్జం మొక్కలు నాటించారు. శిఖరం ఎక్కడం కన్నా అదే గొప్ప పని అంటాను నేను. 2008 నుంచి గోముఖం దారిలో రోజుకు 150 మందినే అనుమతిస్తూ వచ్చారు.

గంగోత్రి కూడా ఉన్న చార్‌ధామ్ యాత్రకు మన ఊళ్ళ నుంచీ ఏటా ఎందరో వెళతారు. మీరు గోముఖం దాకా నడిస్తే, మలుపు దగ్గర అడ్డంగా దిగకండి. వంట గ్యాసు మీదే చేసుకోండి. భూర్జం కనబడితే ఆ అడ్డగీతలను కళ్ళారా చూడండి, బెరడును మాత్రం ఆ చెట్టుకే వదిలేయండి.