ఉప్పూ కర్పూరం పద్యంలో లెక్క

వేమన చెప్పిన ఉప్పూ కర్పూరం పద్యం రాని తెలుగువారు మనలో ఉండరనుకుంటాను. చూపుకి ఒకేలా ఉన్నవాటి రుచి వేరైనట్టే, మనుషుల్లో ఉత్తములు వేరని దాని తాత్పర్యం. ఆ ముక్క పిల్లలకి ఇంగ్లీషులో చెబితే చాలదా అని కొందరు మిత్రులు అంటుంటారు. ఇంగ్లీషు కావాలంటే సి.పి. బ్రౌన్ దొరగారు 1829లోనే వేమన పద్యాలను అనువాదంతో సహా అచ్చు వేయించారు. అనువాదంలోకి అర్థం వస్తుంది. రానిదేమిటో చూద్దాం.

ఇది ఆటవెలది. లఘువుకి ఒక మాత్ర, గురువుకి రెండు. సూర్యగణం ఏదైనా 3 మాత్రలే. ఇంద్రగణానికి 4 గాని 5 గాని. 1, 3 పాదాల్లో మూడు సూర్యగణాల తరువాత రెండు ఇంద్రగణాలు. 2, 4 పాదాల్లో అయిదూ సూర్యగణాలే. ఈ పద్యం వేళ్ళమీద లెక్కపెడితే మాత్రలు 19, 15, 18, 15 వచ్చాయి. బేసి పాదం చివర ఊపిరి సాగుతుంది, సరి పాదంలో మళ్ళీ సర్దుకుంటుంది. (నాడి చూసే వృత్తి కదా, నాకు ఇలాంటివే కనిపిస్తాయి!)

అసలు రుచి మూడో పాదంలో ఉంది. నాలుగో గణం మొదటి అక్షరం పాదం మొదటి అక్షరంతో కలవాలి, అదే యతి. మైత్రి ఉన్న అక్షరం ఏది వేసినా ఛందస్సు ఒప్పుకుంటుంది. వేమన మాత్రం పాదం మొదట్లో వాడిన ‘పురుష’ శబ్దాన్నే తెచ్చి, ముందు ‘పుణ్య’ చేర్చి, సరిగ్గా యతిస్థానంలో నిలబెట్టాడు. మాట ఒకటే, చెవికి తేడా లేదు. రెండోసారికి మనిషి మారిపోయాడు. ఉప్పూ కర్పూరమూ అంటే ఇదే కదండీ! రెండో పాదంలోనూ ఒక మాట వెంటవెంటనే రెండుసార్లు వస్తుంది. అక్కడ యతికి బదులు ‘డ’కారంతో ప్రాసయతి. ‘వేరు’ అన్న మాట కూడా రెండు పాదాల చివర వినిపిస్తుంది. చెప్పిందే చెప్పడం దోషమనే పండితులు ఏమంటారో!

ఇక్కడ పెరిగే పిల్లలతో చిక్కు వేరు. ఇంగ్లీషులో ఒక అక్షరం ఒత్తి, మిగిలినవి మింగుతారు. ఆ అలవాటుతో మన దీర్ఘం మింగితే 3 మాత్రల గణం 2 అవుతుంది, నడక కుంటుతుంది. ‘పాలు’ కాస్తా ‘పలు’ అవుతుంది. అర్థం ఇంగ్లీషులో చెప్పినంత మాత్రాన ఇది దిద్దుబాటు కాదు, నోటితో పలికించాల్సిందే. నాలుగో పాదం మొత్తం మకుటమే కనుక కొత్తగా నేర్చేది మూడు పాదాలే. ప్రతి పాదంలో నాలుగో గణం దగ్గర ఒక చప్పట్టు కొట్టించండి. మూడో పాదంలో అది రెండో ‘పురుష’ మీద పడుతుంది. తాత్పర్యం అప్పుడు అడగండి.