పాత రోడ్‌స్టర్ కారు – రబ్బరు ఆయుర్దాయం

కారుకు వార్ధక్యం ఎక్కడినుండి ప్రవేశిస్తుంది? ఇంజనునుండి అని చాలామంది సమాధానం చెబుతారు. ఉక్కు అరుగుతుంది, ఇనుము తుప్పు పడుతుంది అన్నది మనందరి అనుభవమే. అయితే పైకప్పును వెనుకకు మడిచి నడుపుకొనే రెండు సీట్ల విలాసపు కారు, అనగా రోడ్‌స్టర్, ఇరవై ఐదేళ్లు దాటి గల్ఫ్ ఎండలో నిలిచి ఉన్నప్పుడు ముందుగా క్షీణించేది లోహం కాదు. తలుపుల చుట్టూ ఉండే రబ్బరు పట్టీలు, బ్రేకు హోసులు, పైకప్పును ఎత్తే సిలిండర్లలోని సీళ్లు, విద్యుత్ తీగల తొడుగులు, సీట్లలోని నురుగు ముందుగా పోతాయి. రసాయనశాస్త్ర పరిభాషలో ఇవన్నీ పాలిమర్లు. చిన్న అణువులు గొలుసులుగా కలియగా ఏర్పడిన బృహదణువులు. విడిభాగాలు దొరకడం లేదని మనం వాపోయేది చాలావరకు ఈ పాలిమర్ల కొరతను గురించే.

ఉద్యోగం ముగించుకొని వెళ్లేవారు తమ కార్లను తక్కువ ధరకు అమ్మివేయడం గల్ఫ్ దేశాలలో మామూలే. ఒకనాడు మనకు అందని వెల పలికిన కారు, వయస్సు మీదపడిన తరువాత మధ్యతరగతి ఉద్యోగికి అందుబాటులోకి వస్తుంది. గుదైబియాలో నివసిస్తున్న ఈ వ్యాసకర్త చేతికి ఒక పాత రోడ్‌స్టర్ వచ్చింది ఆ మార్గాననే. ఏనుగును కొని అంకుశానికి బేరమాడరాదని పెద్దలంటారు. ఇక్కడి చిక్కు వేరు. డబ్బు చేతబట్టుకొని తిరిగినా అంకుశం దొరకదు.

ఉదాహరణకు మెర్సిడెస్ బెంజ్ సంస్థ 1989లో జెనీవా ప్రదర్శనలో ఆవిష్కరించిన ఆర్ 129 తరగతి ఎస్.ఎల్. కారును తీసుకొందాం. 2001 వరకు ఇటువంటివి రెండు లక్షలకు పైగా తయారయ్యాయి. మీట నొక్కితే దాని పైకప్పు అరనిమిషంలో తనంతట తానే మడతపడుతుంది. కారు బోల్తాపడే సూచన కనబడగానే, సీట్ల వెనుక ఉన్న రక్షక కమాను సుమారు 0.3 సెకనులో పైకి లేస్తుంది. ఈ విన్యాసమంతటి వెనుక పదికి పైగా హైడ్రాలిక్ సిలిండర్లు ఉన్నాయి. వాటిలో ఏ ఒక్క సీలు చెడినా నూనె కారుతుంది; పైకప్పు మధ్యలోనే నిలిచిపోవచ్చు. చేతి గోరంత సీలు ఏనుగంత కారును కూర్చోబెడుతుంది.

వేడి చేసే లెక్క

రసాయనిక చర్యల వేగానికీ, ఉష్ణోగ్రతకూ గల సంబంధాన్ని 1889లో స్వీడన్ శాస్త్రవేత్త ఆరీనియస్ సూత్రబద్ధం చేశాడు. స్థూలంగా చెప్పాలంటే, ఉష్ణోగ్రత 10 డిగ్రీలు పెరిగితే చర్యావేగం దాదాపు రెట్టింపవుతుంది. ఐరోపాలో 20 డిగ్రీల చల్లని గ్యారేజీలో ఎనిమిదేళ్లకు ముసలిదయ్యే రబ్బరు, 50 డిగ్రీల వద్ద ఒక్క సంవత్సరంలోనే ఆ స్థితికి చేరవచ్చునన్నమాట. బహ్రెయిన్‌లో వేసవిలో నీడలోనే 40 డిగ్రీలు దాటుతుంది. ఎండలో అద్దాలు మూసి నిలిపిన కారు లోపల 60 డిగ్రీలు మించడం సామాన్యం. కనుక ఇక్కడ కారు వయస్సును తిరిగిన కిలోమీటర్లతో కాక, ఎండలో గడిపిన వేసవులతో లెక్కించాలి.

వేడికి తోడు మరి మూడు శక్తులు పనిచేస్తాయి. మొదటిది ఓజోను. 1839లో చార్లెస్ గుడ్‌ఇయర్ గంధకంతో కాచి రబ్బరును గట్టిపరచే పద్ధతిని కనుగొన్నాడు. అయినా సహజ రబ్బరు గొలుసులో ద్విబంధాలు మిగిలే ఉంటాయి. గాలిలో అత్యల్పంగా ఉండే ఓజోను వాటినే తెంచుతుంది. అయితే రబ్బరు సాగి ఉన్నచోటనే పగుళ్లు ఏర్పడతాయి. సాగుదలకు అడ్డంగా వరుసలు తీరుతాయి. మన ఇళ్లలో పెట్టెలోని పట్టుచీరలను ఏటా తీసి మడత మార్చి పెట్టేవారు. మడత మీద చీర చినుగుతుందని మన అమ్మమ్మలకు తెలుసు. వంపు తిరిగిన రబ్బరుకు, మడిచి ఉంచిన పైకప్పుకు కూడ అదే జాగ్రత్త అవసరం.

రెండవది తేమ. పాలియురిథేనులలో ఎస్టరు రకపు నురుగులు, సీళ్లు నీటి ఆవిరితో చర్య జరిపి విడిపోతాయి. ఆ చర్యలో పుట్టే ఆమ్లం అదే చర్యను మరింత వేగిరపరుస్తుంది. నాలుగు దిక్కులా సముద్రమున్న ద్వీపంలో సీటు నురుగు పొడియై రాలడానికి, సీలు జిగురుగా మారడానికి కారణమిదే. మూడవది మెత్తదనాన్ని ఇచ్చే తైలాల వలస. పి.వి.సి. ప్లాస్టిక్కులో కలిపిన ఈ ద్రవాలు వేడికి ఆవిరై ముందు అద్దం లోపలివైపు మసక పొరగా పేరుకొంటాయి. మిగిలిన ప్లాస్టిక్కు పెళుసుబారుతుంది. తీగల తొడుగులకు కూడ ఇటువంటి పెళుసుదనం తప్పదు. 1990ల తొలి సంవత్సరాలలో తయారైన కొన్ని జర్మన్ కార్లలో అవి ఇంజను వేడికి పొట్టువలె రాలిపోవడం మెకానిక్కులందరూ ఎరిగినదే.

అసలు భాగం, ముసలి భాగం

పాత కార్ల ప్రియులు కంపెనీ ముద్రగల పెట్టెలోని భాగం దొరికితే నిధి దొరికినట్లు సంతోషిస్తారు. లోహపు భాగమైతే ఆ సంతోషం సమంజసమే. షార్జా పాత సామాను దుకాణాలలో దొరికిన ఇత్తడి భాగం, సల్మాబాద్ లేత్ షాపులో తీర్చిన బుష్ సంశయం లేకుండా వాడవచ్చు. రబ్బరు సంగతి వేరు. అది పెట్టెలో ఉండగానే ముసలిదవుతుంది. రబ్బరు వస్తువుల నిల్వకు సంబంధించిన ఐ.ఎస్.ఓ. 2230 ప్రమాణం ప్రకారం, చల్లని చీకటి చోట ఉంచినా తొలి నిల్వకాలం సహజ రబ్బరుకు, పాలియురిథేనుకు 5 ఏళ్లు, నైట్రైల్ రబ్బరుకు 7 ఏళ్లు, ఇ.పి.డి.ఎం. రబ్బరుకు 10 ఏళ్లు. 2001కి ముందు తయారైన సీలును అసలు ధరకు కొనడమంటే దాని వార్ధక్యాన్ని కూడ కొనడమే.

అయితే మార్గమేమి? సీలుకు కంపెనీ సంఖ్య కన్న కొలత, పదార్థం ముఖ్యం. లోపలి వ్యాసం, మందం, తాకే ద్రవం తెలిస్తే చాలావరకు సరిపడే కొత్త సీలు దొరుకుతుంది. ఈ విషయంలో బహ్రెయిన్ వాసులు అదృష్టవంతులు. 1932లో ఇక్కడ చమురు బయటపడినది మొదలు సీళ్లు, హోసులు, ఓ-రింగులు ఈ ద్వీపపు పరిశ్రమకు నిత్యావసరాలు. కారు దుకాణంలో లేనిది హైడ్రాలిక్ సామాను దుకాణంలో ఉండవచ్చు.

ఎంపికలో మాత్రం పొరపాటుకు తావులేదు. పెట్రోలు, ఖనిజ నూనె తాకేచోట నైట్రైల్ లేదా ఫ్లోరో రబ్బరు వాడాలి. గ్లైకాల్ బ్రేకు ద్రవం తాకేచోట ఇ.పి.డి.ఎం. ఉండాలి. వీటిని తారుమారు చేస్తే సీలు ఉబ్బి చెడుతుంది. బ్రేకుల విషయంలో అది ప్రాణాంతకం. తలుపు పట్టీలు సాధారణంగా ఇ.పి.డి.ఎం.తో చేసినవే కనుక వాటికి పెట్రోలియం జెల్లీ పూయరాదు. సిలికోన్ గ్రీజు మేలు. బ్రేకు ద్రవం గాలిలోని తేమను పీల్చుకొంటుంది. డాట్ 4 రకం ద్రవానికి కనీస మరుగు ఉష్ణోగ్రత పొడిగా ఉన్నప్పుడు 230 డిగ్రీలు. తేమ పట్టిన తరువాత 155. రెండేళ్లకొకసారి దానిని మార్చడం లోభించదగిన ఖర్చు కాదు.

జూలై, ఆగస్టు నెలలు

బడులు మూయగానే మన కుటుంబాలు స్వదేశానికి బయలుదేరుతాయి. కారు గుదైబియా సందులో ఒంటరిగా నిలిచేది సరిగ్గా ఎండ, తేమ ఉగ్రరూపం దాల్చిన ఆ రెండు నెలలే. వెళ్లేముందు నీడగల చోటు చూసుకోవడం మొదటి పని. నెలసరి అద్దె ఒక పైకప్పు సిలిండరు మరమ్మతు కన్న చౌక. పైకప్పును మడవకుండా వేసి ఉంచాలి. ప్లాస్టిక్ ముసుగు కాక, గాలి ఆడే గుడ్డ ముసుగు కప్పాలి. నమ్మకమైన మిత్రునికి తాళం ఇచ్చి, వారానికొకసారి అరగంట నడిపి పైకప్పును ఒకమారు తెరచి మూయమని కోరాలి.

ఇంత చేసినా ఒక ప్రశ్న మిగులుతుంది: ఎంతకాలం? భాగాలను మూడు తరగతులుగా విభజించుకొంటే సమాధానం సులభం. ప్రాణరక్షణకు సంబంధించినవి – బ్రేకులు, టైర్లు, పెట్రోలు హోసులు, రక్షక కమాను – నమ్మదగినవి దొరకని రోజున కారును రోడ్డు మీదికి తేరాదు. టైరు మీద తయారీ తేదీని సూచించే నాలుగు అంకెలుంటాయి; 2319 అంటే 2019వ సంవత్సరం 23వ వారం. అరగలేదు కదా అని పాతదానిని నమ్మరాదు. రెండవ తరగతి, కదలికకు కావలసినవి. వీటికి ఓపికతో ప్రత్యామ్నాయం వెదకవచ్చు. మూడవది అలంకారం, అది లేకపోయినా కారు కారే. త్రిమితీయ ముద్రణ కొంత ఆశ కలిగిస్తున్నది. కేవలం 292 తయారైన పోర్షె 959 కారుకు క్లచ్ మీటను ఈ పద్ధతిలో చేయగలమని ఆ సంస్థ 2018లో చూపించింది. అది లోహపు భాగమన్నది గమనార్హం.

మన ఉద్యోగాలవలెనే మన కార్లు కూడ ఈ ద్వీపంలో చేతులు మారేవే. అందుచేత ప్రతి హోసు, సీలు, టైరు ఏ తేదీన మార్చామో, ఏ పదార్థంతో మార్చామో ఒక పుస్తకంలో వ్రాసి, తాళాలతోపాటు తరువాతి యజమానికి అందజేయడం మన విధి. అతని కుటుంబం కూడ ఆ బ్రేకుల మీదనే ఆధారపడి ప్రయాణిస్తుంది.