పిన్ని ఆవకాయకి పదమూడంకెలు

తెనాలిలో మా పిన్ని పచ్చళ్ళు పెట్టి అమ్ముతుంది. నాలుగేళ్ళ క్రితం వీధిలో వాళ్ళకి మొదలుపెట్టింది, తర్వాత హైదరాబాదుకి పంపింది, పోయినేడు అమెరికాకి. డ్వాక్రా గ్రూపులో అప్పు తీసుకుని మరీ ఎనిమిది పెట్టెలు, పెట్టెకి ఇరవై నాలుగు సీసాల చొప్పున, సరుకు ఎగుమతి చేసే ఒకాయన ద్వారా న్యూజెర్సీకి పంపింది. ఎడిసన్‌లో నాకు తెలిసిన ఒక ఇండియన్ స్టోర్ ఆయన తీసుకుంటానన్నాడు. నేను చేసింది ఆ మాట కలపడం వరకే. మిగతాది అంతా సవ్యంగా ఉందనుకున్నాను.

సరుకు దిగిన రోజు ఆయన ఫోన్ చేశాడు. "ఒకసారి రండి, మీ గోంగూర అగరొత్తులైంది."

నిజమే. గోంగూర సీసా స్కానర్ ముందు పెడితే టపీమని మోగి, తెర మీద గంధం అగరొత్తుల పేరు, దాని ధర పడుతున్నాయి. ఆవకాయ సీసా అయితే అసలు మోగనే లేదు. "నంబర్లు సరిచేసేదాకా షెల్ఫులో పెట్టలేను" అన్నాడాయన. తప్పు పట్టడానికి లేదు. నూట తొంభై రెండు సీసాలు ఆయన వెనక గదిలో, పిన్ని అప్పు తెనాలిలో.

పదేళ్ళుగా సాఫ్ట్‌వేర్‌లో ఉన్నాను కాబట్టి బార్‌కోడ్ నాకు తెలుసనే అనుకునేవాణ్ణి. ఆ వారం కూర్చుని చదివితే గానీ తెలియలేదు, నాకు తెలిసింది గీతలేనని.

పిన్ని అడిగిన మొదటి ప్రశ్న: "ఒరే చిన్నా, ఆ గీతల్లో మన పేరూ, రేటూ ఉండవట్రా?" ఉండవు. అందులో ఉండేది ఒక్క నంబరు. ఆ నంబరు ఎవరిది, ఏ సరుకుది అన్నది కొట్టువాడి కంప్యూటర్ తన జాబితాలో వెతుక్కుంటుంది. 1974 జూన్ 26న ఒహాయోలోని ట్రాయ్ అనే ఊళ్ళో, మార్ష్ సూపర్ మార్కెట్‌లో రిగ్లీ చూయింగ్ గమ్ పెట్టెతో ఇది మొదలైంది. అప్పటికీ ఇప్పటికీ కౌంటర్ దగ్గర జరిగేది అదే. కాబట్టి ఒకే నంబరు ఇద్దరి దగ్గర ఉంటే, ముందు జాబితాలోకి ఎక్కినవాడిదే సరుకు.

ఇక్కడ జరిగిందీ అదే. మా తమ్ముడు, అంటే పిన్ని కొడుకు, ఏదో వెబ్‌సైట్‌లో చవగ్గా పది బార్‌కోడ్‌లు కొన్నాడు. వాళ్ళు అవే నంబర్లు ఇంకొకరికీ అమ్మారు. అసలు ఈ నంబర్లు ఇచ్చేది జీఎస్1 అనే సంస్థ, ఒక్కో దేశంలో దానికో శాఖ ఉంటుంది. మన దేశంలో జీఎస్1 ఇండియా. అక్కడ కంపెనీ పేరు మీద రిజిస్టర్ చేసుకుంటే మనకంటూ ఒక మొదటి భాగం ఇస్తారు, ఆ తర్వాతి అంకెలు మన సరుకులకి మనమే వేసుకోవాలి. దీనికి ఫీజు ఉంది, గడువు తీరాక మళ్ళీ కట్టాలి. చవక వెబ్‌సైట్‌తో పోలిస్తే ఖరీదే. కానీ పెద్ద ఆన్‌లైన్ దుకాణాలు ఇప్పుడు నంబరుని జీఎస్1 జాబితాతో పోల్చి చూస్తున్నాయి. అక్కడ మన పేరు లేకపోతే సరుకు పెట్టనివ్వరు.

మొదట్లో వచ్చే 890 గురించి ఒక మాట. "890 ఉంటే మన దేశంలో తయారైనట్టు, అదే కొనండి" అని వాట్సాప్‌లో తిరిగే మెసేజ్ మీకూ వచ్చే ఉంటుంది. తప్పు. 890 చెప్పేది నంబరు ఇండియా శాఖ ఇచ్చిందని మాత్రమే. సరుకు ఎక్కడ తయారైందో అది చెప్పదు.

చివరి అంకె నాకు బాగా నచ్చింది. అది మనం పెట్టుకునేది కాదు, లెక్కలో వచ్చేది. ఉదాహరణకి 890123456789 తీసుకోండి. మొదటిది, మూడోది, అయిదోది అలా ఒకటి విడిచి ఒకటి కూడితే 28. మిగిలినవి కూడితే 34, దాన్ని మూడుతో హెచ్చవేస్తే 102. మొత్తం 130. పైనున్న పదుల సంఖ్యకి ఎంత తక్కువో అదే చివరి అంకె, ఇక్కడ సున్నా. ఒక్క అంకె తప్పు కొట్టినా లెక్క కుదరదు, స్కానర్ ఒప్పుకోదు. పక్కపక్కన ఉన్న 1, 6 లాంటివి తారుమారైతే మాత్రం పట్టుకోలేదు. తేడా సరిగ్గా అయిదైతే తప్పించుకుపోతుంది. ఎందుకో కాగితం మీద వేసి చూడండి, సరదాగా ఉంటుంది.

సరే, గోంగూర సంగతి తేలింది. ఆవకాయ ఎందుకు మోగలేదు? ఇది తేలడానికి నాకు రెండు రోజులు పట్టింది. ఆవకాయ లేబుల్ అందంగా ఉండాలని ప్రింటింగ్ ప్రెస్సులో గీతలు కూడా ఎర్ర రంగులో వేశారు, తెల్ల కాగితం మీద. గోంగూరకి ఆకుపచ్చ. కొట్లో స్కానర్‌ది ఎర్ర వెలుగు. ఆ వెలుగులో ఎర్ర గీత, తెల్ల కాగితం రెండూ ఒకేలా మెరుస్తాయి, గీత కనపడదు. ఆకుపచ్చ నల్లగా కనిపిస్తుంది. తమ్ముడు ఫోన్ కెమెరాతో చూసి బాగానే ఉందనుకున్నాడు, పాపం. ఫోన్ అన్ని రంగులూ చూస్తుంది కదా.

ఇంకో చిన్న విషయం. సన్నటి గుండ్రటి సీసా మీద గీతలు కంచెలా నిలువుగా ఉంటే చివరి గీతలు వంపులోకి వెళ్ళిపోతాయి. నిచ్చెన మెట్లలా అడ్డంగా తిప్పి అతికించాలి. గీతలకి రెండువైపులా కాస్త ఖాళీ కూడా వదలాలి, అక్కడ డిజైన్ పెట్టకూడదు.

పెట్టె మీద కొరియర్ వాళ్ళు అతికించే బార్‌కోడ్ వేరు. అది ఆ ప్రయాణానికి మాత్రమే, సరుకుకి సంబంధం లేదు. స్పీడ్ పోస్టులో విదేశానికి పంపితే ఈ తో మొదలై ఐఎన్ తో ముగిసే నంబరు అలాంటిదే. కస్టమ్స్ వాళ్ళకి ఇచ్చే వస్తువు కోడ్, తిండి సరుకు వస్తోందని అమెరికా ఎఫ్‌డీఏకి ముందే ఇవ్వాల్సిన సమాచారం, ఇవి సీసా మీది గీతల్లో లేవు. పిన్ని మాత్రం గీతలుంటే అన్నీ అయిపోయినట్టే అనుకుంది. నేనూ దాదాపు అంతే.

తెనాలి నుంచి కొత్త నంబర్లు వచ్చాక, ఇక్కడ నల్ల గీతల స్టిక్కర్లు అచ్చు వేయించి, రెండు శనివారాలు ఆ వెనక గదిలో కూర్చుని, పాతవాటి మీద ఒక్కొక్కటీ అతికించాం. నూనె కారిన సీసాలు తుడిచి ఆరబెట్టాల్సి వచ్చింది. మొదటి సీసా మోగినప్పుడు తెర మీద "ఆవకాయ, అరకిలో" అని పడింది. ఫొటో తీసి పిన్నికి పంపాను.

వెంటనే ఫోన్ చేసింది. "కిలో సీసాకి కూడా ఇదే నంబరు వేయొచ్చా?"

"లేదు పిన్నీ, దానికి వేరే."

"మాగాయకి?"

"దానికీ వేరే."

"మరి ఇంతకీ ఎన్ని కావాలిరా మనకి?" అంటూ పిన్ని లెక్క మొదలుపెట్టింది. ఆవకాయ, మాగాయ, గోంగూర, పండుమిర్చి, ఒక్కోటి రెండు సైజులు. దోసావకాయ దగ్గరకి వచ్చేసరికి తమ్ముణ్ణి పిలిచి కాగితం తెమ్మంది.